నెవేర్ ఊరికి ఒక మూత మాత్రమే తీసుకెళ్ళాను

ఫ్రాన్స్‌లో ల్వార్ నది ఒడ్డున నెవేర్ అనే పాత ఊరుంది. కొన్ని వందల ఏళ్ళుగా అక్కడ కాల్చిన మట్టిపాత్రలకు తెల్లటి గాజుపూత పూసి, దాని మీద నీలం రంగుతో పూలూ పక్షులూ వేస్తున్నారు. పారిస్ వెళ్ళిన మనవాళ్ళు నాలుగు పేరున్న చోట్లు చూసి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. చేతిలో ఒక్క రోజు ఖాళీ ఉంటే ఈ ఊరు చూసి రమ్మంటాను. అయితే నేను మాత్రం చూడ్డానికి వెళ్ళలేదు. చేసిన తప్పును కప్పిపుచ్చుకోవడానికి వెళ్ళాను. ఆ సంగతి వదిలేసి రైళ్ళ వేళలూ ఖర్చులూ రాస్తే ఇది సగం అబద్ధమవుతుంది. అందుకని మొదటినుంచీ చెబుతాను.

సింగపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో నేను గుంటూరు నుంచి ఒక సూట్‌కేసుతో దిగాను. సెంబవాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు దొరికింది. ఆ ఇల్లు సత్యవతి ఆంటీది. ఆవిడ తాతగారు విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చారట. ఆంటీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆవిడ తెలుగులో అరవం, మలాయ్ కలిసిపోయి ఉంటాయి కానీ యాస మాత్రం ఆ తాతగారిదే. నేను వచ్చిన మూడో నెలలో నాకు ఆటలమ్మ పోసింది. అలాంటప్పుడు అద్దెకున్నవాళ్ళను ఇల్లు ఖాళీ చేయమనడం ఇక్కడ మామూలే. ఆంటీ ఆ మాట అనలేదు సరికదా, పదిహేను రోజులు పక్కనే కూర్చుని వేపాకుతో విసిరింది. నా పెళ్ళయి, పాప పుట్టి, పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాట్‌కు మారాక కూడా నెలకు రెండుసార్లయినా ఆవిడ చేతివంట తినకుండా ఉండేదాన్ని కాదు.

ఆవిడ పూజగదిలో, దేవుడి పటాల పక్క అరలో, మూతతో ఉన్న నీలం తెలుపు జాడీ ఒకటుండేది. అంకుల్ పడుచుతనంలో సెంబవాంగ్ నౌకాస్థావరంలో ఒక తెల్ల అధికారి ఇంట్లో వంట చేసేవారట. బ్రిటిష్‌వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఆ ఇంటి దొరసాని ఆ జాడీని ఆయన చేతిలో పెట్టింది. తరువాత ఆయన షిప్‌యార్డ్‌లో ఓడలకు రంగులు వేసే పనిలో చేరారు. ఒకసారి జాడీ అడుగు అంచు చిట్లితే, ఓడకు వేసే నీలం రంగునే తెచ్చి దానిమీద పూశారట. గోరంత మందాన, జాడీ మీది నీలానికి ఏమాత్రం కలవకుండా ఉండేది ఆ మచ్చ. నేను ఆ ఇంటికి వచ్చేసరికే ఆయన పోయి రెండేళ్ళు. ఆంటీ ఆ జాడీలో ఏమీ పెట్టేది కాదు. శుక్రవారం శుక్రవారం కొంగుతో తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది.

ఆ ఏడు ఆంటీ ఇంట్లో నేల పలకలు తవ్వి కొత్తవి వేయిస్తున్నారు. ఇల్లంతా దుమ్ము. జాడీని చీరలో చుట్టి నాకిచ్చి, "పని అయిందాకా నీకాడ ఉంచమ్మా, ఈలు సుత్తులతో ఇల్లంతా తిరిగేస్తన్నారు" అంది. అది మామిడికాయల కాలం. టెక్కా మార్కెట్‌నుంచి నాలుగు కిలోలు తెచ్చి ఆవకాయ కలిపాను. నా జాడీ నిండిపోగా ఇంకొంత మిగిలింది. ఎదురుగా మెరుస్తూ, పొడిగా, ఖాళీగా ఆంటీ జాడీ. జాడీ అంటే జాడీయే కదా, పుట్టిన ఊరేదైతేనేం అనుకున్నాను. మన ఇళ్ళలో జాడీని చూసి ఇందులో ఊరగాయ పెట్టొచ్చా అని అడిగేవాళ్ళెవరు? మూత పక్కన పెట్టి, మూతికి శుభ్రమైన గుడ్డతో వాసెన కట్టాను.

మూడో రోజు తిరగగలపబోతే జాడీ కింద నూనె వలయం కనిపించింది. తుడిచేశాను. మూడు వారాలకు దాని పొట్టమీద తెల్లటి ఉప్పుపొడి పేరుకుంది. నీలం పూల పూత చేప పొలుసుల్లా లేచి రాలుతోంది. ఊరగాయ బయటికి తీసి, కడుగుదామని వేణ్ణీళ్ళు పోశాను, నిలువునా చీలింది. చేతిలో రెండు ముక్కలు పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ప్రైమరీ వన్, అంటే ఒకటో తరగతి చదువుతున్న మా పాప చూసి, ఇక్కడి యాస ఇంగ్లీషులో "మమ్మీ, జస్ట్ టెల్ హర్ లా" అంది. ఆ పిల్లకు తోచింది నాకు తోచలేదు. నాకు సిగ్గేసింది, భయమేసింది. ముక్కల్ని ఊరగాయతో సహా పాత పేపర్లలో చుట్టి, వంటింటి గోడలోంచి కిందిదాకా దిగే చెత్త గొట్టంలో, ఇక్కడ చూట్ అంటారు, వేసేశాను. పదకొండు అంతస్తులు దొర్లుకుంటూ పోయిన ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మిగిలింది మూత ఒక్కటే.

నా ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. "తప్పు కనబడితే ఆ నిమిషమే రాసి పంపండి, దాచారో అది పదింతలవుతుంది" అని జూనియర్లకు రోజూ పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ తరువాత రెండు నెలల్లో నాలుగుసార్లు ఆంటీ ఇంటికి వెళ్ళాను. పలకల పని అయిపోయింది. "ఊరికే తేవొద్దులే, ఇటు వచ్చినప్పుడు జాడీ పట్టుకురా" అంది ఆంటీ. వచ్చేవారం అన్నాను. తరువాత మళ్ళీ వచ్చేవారం అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఆవిడ వడ్డించింది తిని వచ్చేశాను.

అప్పుడే ఆఫీసువాళ్ళు ఒక ప్రాజెక్టు కోసం మూడు వారాలు పారిస్ పంపారు. జాడీ అడుగున ఉన్న గుర్తుకు, పొలుసులు లేచిన పూలకు పారేసేముందు డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీసి ఉంచాను. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ గుర్తు నెవేర్ వాళ్ళదని తేలింది. అచ్చం అలాంటిదే కొని ఆ అరలో పెట్టేయాలన్నది నా ఆలోచన. ఆంటీకి కళ్ళల్లో శుక్లాలు, పోల్చుకోలేదు. అడుగు అంచు నేనే కొంచెం చిట్లగొట్టి నీలం రంగు పూద్దామని, పాయా లేబర్‌లో మా ఆఫీసు వెనక ఉన్న హార్డ్‌వేర్ షాపులో చిన్న రంగు డబ్బా కూడా కొని సంచిలో వేసుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ కొన్నమాట నిజం.

శనివారం పొద్దున్నే పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్‌కు వెళ్ళాను. నేను వెళ్ళినప్పుడు నెవేర్‌కు సూటిగా వెళ్ళే రైళ్ళు అక్కడినుంచే ఉండేవి. ఇప్పుడు స్టేషన్ మారి ఉండొచ్చు, కనుక్కుని వెళ్ళండి. టికెట్ ఒకవైపుకు ముప్ఫై యూరోల లోపే అయింది. ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది పసుపు యంత్రంలో టికెట్ దూర్చి ముద్ర వేయించుకోవాలి. అది తెలియక జరిమానా కట్టిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎనిమిదికి బయల్దేరితే పదికి నెవేర్. పారిస్ దాటాక ఊళ్ళు తగ్గి, కోతకొచ్చిన గోధుమ చేలు, తెల్లటి ఆవులు మొదలయ్యాయి. మూత నా ఒళ్ళో చేతిసంచిలో ఉంది, దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

స్టేషన్ బయట టాక్సీ డ్రైవరుకు కాగితం మీద రాసుకున్న మట్టిపాత్రల కార్ఖానా చిరునామా చూపించాను. ఆయన నన్నూ, నా చెప్పుల్నీ ఓసారి చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో, "పది నిమిషాల నడక. దీనికి టాక్సీ ఎందుకు? ఎడమపక్క తోట, తరువాత కోట, ఆ వెనక సందు" అన్నాడు. బేరం వదులుకుని దారి చెప్పిన డ్రైవర్ని అంతకుముందు చూడలేదు. ఊరు ఎత్తు మీద ఉంది. లేత రాతితో కట్టిన ప్రభువుల కోట, దాని మూలల్లో మొనదేలిన బురుజులు, ముందు వాలుగా దిగే పచ్చిక, దిగువన నది. కృష్ణ వేసవిలో ఉన్నట్టే ఉంది ల్వార్. వెడల్పు చాలా, నీళ్ళు పాయలు పాయలుగా, మధ్యలో ఇసుక దిబ్బలు. దాన్ని చూడగానే నా మనసు ఒక్క క్షణం తేలికపడింది.

ఊళ్ళో మిగిలిన కొద్ది కార్ఖానాల్లో అదొకటి. ముందు గది దుకాణం, వెనక గదిలో పని. కిటికీ పక్కన నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక పెద్దావిడ పళ్ళానికి పువ్వు వేస్తోంది. ఇంగ్లీషు మెల్లగా, స్పష్టంగా మాట్లాడుతుంది. కాల్చని పూత సుద్దపొడిలా ఉంటుందట. కుంచె ఆనితే చాలు, రంగు లోపలికి పీల్చేసుకుంటుంది. "చెరపడం ఉండదు మదామ్. గీత తప్పితే పూత అంతా కడిగి మొదటినుంచీ వేసుకోవాలి" అంది. నేను మూత తీసి ఇచ్చాను. ఆవిడ వెనక్కి తిప్పి బొటనవేలితో అంచు తడిమింది.

"ఇది మా ఊరిదే. మా అమ్మమ్మ కాలం నాటిది అయ్యుండాలి" అంది.

"దీనికి సరిపోయే జాడీ దొరుకుతుందా? అచ్చం అలాంటిదే కావాలి."

"వేసి ఇస్తాను. నాలుగు నెలలు పడుతుంది, పంపిస్తాం. అడుగున నా గుర్తు, ఈ ఏడాది అంకె ఉంటాయి."

"అవి లేకుండా ఇవ్వలేరా?"

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "అవి లేకుండా ఈ గుమ్మం దాటి ఏదీ బయటికి పోదు. మా దగ్గర పాతది పాతదే, కొత్తది కొత్తదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గబగబా కెమెరా తెరిచి ఫోటోలు చూపించాను. పూల కొలతల కోసమన్నాను. ఆవిడ ఆ చిన్న తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. అందులో ఏం పెట్టారని అడిగింది. చెప్పాను. పచ్చి మామిడి, ఆవపిండి, కారం, నూనె, ఉప్పు.

"ఉప్పు ఎంత?"

నేను దోసిలి చూపించాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "ఇది మీ గట్టి జాడీ కాదు మదామ్. పూత కింద ఉన్నది మెత్తటి మట్టి. పూతకు సన్నటి నెర్రెలుంటాయి, ఉప్పునీరు వాటిలోంచి లోపలికి పోతుంది. ఆరినప్పుడు గడ్డకట్టి పూతను బయటికి తోస్తుంది. ఆ ఊరగాయ మీరు తినలేదు కదా? పాత పూతలో సీసం ఉంటుంది, పులుపు పడితే దిగుతుంది." తినలేదన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఫోటో చూసింది. "కంగారు పడకండి. ఇది పోలేదు. మంచినీళ్ళలో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చాలి. రెండు నెలలకు ఉప్పంతా దిగిపోతుంది. తరువాత ముక్కలు అతికించి, ఊడినచోట నేను నింపుతాను. అలాంటివి చాలా చేశాను. నూనె మరక మాత్రం ఉంటుంది, ఉండనివ్వండి. ఏదీ, తక్కినది ఎక్కడుంది? హోటల్లో పెట్టారా?"

పారేశానని చెప్పాను. ఇంగ్లీషులో ఆ మాట ఎంత చిన్నదో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అర్థం తెలిసింది. బాగు చేయొచ్చేమోనని ఒక్కసారైనా తోచలేదే నాకు, దాచాలనే తప్ప! ఆవిడ మందలించలేదు. మూతను గుడ్డతో తుడిచి నా చేతుల్లో పెట్టింది. అది ఎవరిదని అడిగింది. మా ఆంటీదన్నాను.

"ఆవిడకు తెలుసా?"

"తెలియదు."

ఆర్డర్ల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. ఆవిడ పెన్ను తీసి, "రాయమంటారా?" అంది. వద్దన్నాను. పన్నెండు కావస్తోంది, ఆ వేళకు తలుపులు మూస్తారు. ఆవిడ గుమ్మందాకా వచ్చి, కరచాలనం చేసి పంపింది.

ఎదురుగా సిగరెట్లూ పత్రికలూ అమ్మే కొట్లో విదేశాలకు మాట్లాడే ఫోన్ కార్డు కొన్నాను. చర్చి పక్కన ఫోన్ బూత్ ఉంది. సింగపూర్‌లో సాయంత్రం ఆరు దాటింది, ఆంటీ దీపం పెట్టే వేళ. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

"అలో, ఎవులు?"

"నేను ఆంటీ, పద్మని."

"పద్మా! పారిస్‌లో ఉన్నావు కదేటి? మకాన్ అయిందా, తిన్నావా? గొంతేటి అలగుంది?"

ఇక ఆగితే చెప్పలేనని తెలుసు. ఆవకాయ దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాను. కొత్త జాడీ పెట్టి మోసం చేద్దామనుకున్న సంగతి, రంగు డబ్బా సంగతి కూడా చెప్పాను. అవతల టీవీలో అరవ సీరియల్ వస్తోంది. మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది.

"పగిలిందా?" అంది ఆంటీ.

"చీలింది ఆంటీ. రెండు ముక్కలు."

"ముక్కలున్నాయా?"

"లేవు. చూట్‌లో వేసేశాను."

"మీ అంకుల్ రంగేసిన ముక్కో?"

"అదీ వేసేశాను ఆంటీ."

కార్డులో యూనిట్లు తగ్గిపోవడం తెర మీద కనిపిస్తోంది. ఆవిడ, "సాయాంగ్" అంది. అయ్యో పాపం, ఎంత నష్టం అనడానికి మలాయ్‌లో వాళ్ళనే మాట. తరువాత, "ఎన్నాళ్ళయింది?" అని అడిగింది. రెండు నెలలన్నాను.

"రెండు నెల్లలో నాలుగు పాల్లొచ్చావు. నాను వండింది తిన్నావు."

"తిన్నాను ఆంటీ. క్షమించండి."

"ఇరిగిపోతే ఇరిగిపోయింది, దానికేటి. మనుసులే పోతన్నారు. నువ్వు ఆ పొద్దే ఒక్క ఫోన్ కొట్టుంటే, నాను ట్రైనెక్కి వచ్చి మీ బ్లాకు కింద నిలబడుదును. చెత్తలాగే క్లీనరోలని అడుగుదును. లారీ మర్నాడే కదా వస్తాది? ఒక రేత్రంతా అది అక్కడే ఉందమ్మా." ముక్కు చీదుకుని, "సరే, కార్డు అయిపోతాది. పెట్టీ. ఏటైనా తిను" అంది.

బూత్‌లోంచి వచ్చి ఎటు వెళ్ళానో సరిగా గుర్తులేదు. కాసేపటికి సంత పక్కన నాలుగు బల్లలున్న ఒక చిన్న హోటల్లో కూర్చుని ఉన్నాను. వంటావిడే వచ్చి అడిగింది. మాంసం వద్దు, చేప వద్దు అంటే, "అయితే పప్పు తింటారా?" అంది. ఆకుపచ్చగా, చిన్నగా ఉండే వాళ్ళ పప్పును ఉల్లిపాయ, క్యారెట్ వేసి ఉడికించి, రొట్టె, మేకపాల చీజ్‌తో తెచ్చింది. పది యూరోలు. శాకాహారులు ఈ ఊళ్ళో భయపడక్కర్లేదు, ఆ పప్పు అడగండి. నేను సగమే తినగలిగాను. వంటావిడ పళ్ళెం తీస్తూ, "బాగాలేదా?" అని అడిగింది. బాగుంది, నాకే బాగాలేదన్నాను. ఆవిడ అడక్కుండానే కాఫీ తెచ్చి పెట్టింది, డబ్బు తీసుకోలేదు.

రైలు నాలుగున్నరకు. ఆలోపు పెద్ద చర్చి చూశాను, ప్రవేశం ఉచితం. యుద్ధంలో బాంబులు పడి దాని రంగుటద్దాలన్నీ పోయాయట. పోయినవాటిని పాతవాటిలా మళ్ళీ చేయించలేదు. ఈ కాలపు చిత్రకారుల చేత కొత్త రంగులతో, కొత్త గీతలతో వేయించి పెట్టారు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి రాతినేల మీద పడుతోంది. పాతది పాతదే, కొత్తది కొత్తదే అని కార్ఖానాలో ఆవిడ అన్న మాట అక్కడ కూర్చున్నాక బాగా తలకెక్కింది. స్టేషన్‌కు వెళ్ళేదారిలో వంతెన మీదకు వెళ్ళి నదిని ఇంకోసారి చూశాను. సంచిలో ఉన్న రంగు డబ్బాను చెత్తకుండీలో వేశాను.

సింగపూర్ వచ్చాక మొదటి ఆదివారమే సెంబవాంగ్ వెళ్ళి మూత ఇచ్చాను. ఆంటీ దాన్ని రెండు చేతులతో అందుకుని లోపల పెట్టి వచ్చింది. కాఫీ ఇచ్చింది, పాపకు మురుకులు ఇచ్చింది. ఒక్క మాట తూలలేదు. ఇప్పటికీ నెలకోసారి వెళుతూనే ఉన్నాను, వచ్చేటప్పుడు కూరో పులుసో కట్టి ఇస్తూనే ఉంది. ఇదివరకు తన పెళ్ళినాటి స్టీలు క్యారియర్‌లో ఇచ్చేది. నేను దాన్ని ఖాళీగా ఇవ్వకూడదని ఏ పాయసమో పోసి తిరిగిచ్చేదాన్ని. ఇప్పుడు హాకర్ సెంటర్లో, అంటే ఇక్కడి తిండి అంగళ్ళలో ఇచ్చే పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తోంది. "మళ్ళీ తేనక్కర్లేదమ్మా, తినీసి పారీ" అంటుంది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అదే నాకు ఎక్కువ బాధ. ఆవిడ నన్ను క్షమించింది, ఏదీ నా చేతికి అప్పగించడం మాత్రం మానేసింది. దాన్ని తప్పనలేను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. మీ ఇంట్లో అలాంటి పాత పాత్ర ఏదైనా విరిగి ఉంటే, ప్రతి ముక్కా, రాలిన పొలుసులతో సహా, గుడ్డలో మూటగట్టి పొద్దున్న రైలుకే తీసుకెళ్ళండి. కార్ఖానాలు మధ్యాహ్నం పన్నెండుకు మూస్తారు. ఆ వస్తువు మీది కాకపోతే మాత్రం, అది ఎవరిదో వాళ్ళకు ముందు చెప్పండి. చెత్త లారీ వచ్చేలోపే చెప్పండి.